కారు నిలబెడితే వణుకుతోందా? ‘నాజిల్స్ పోయాయి’ అంటే వెంటనే డబ్బులు కట్టేయకండి.. ముందు ఈ టెస్టులు చేయించండి

మిర్చి సీజన్ వచ్చిందంటే గుంటూరు యార్డు దారిలో బండ్లు గంటల తరబడి క్యూలోనే. ఇంజిన్ మాత్రం ఆన్‌లోనే ఉంటుంది. హైవే మీద స్పీడులో తెలియని ట్రబుల్ సరిగ్గా అక్కడే బయటపడుతుంది. స్టీరింగ్ వణకడం, గేర్ రాడ్ ఊగడం, మధ్యమధ్యలో మిస్సింగ్ కొట్టడం. మెకానిక్ నోటి నుంచి వచ్చే మొదటి మాట.. ‘నాజిల్స్ పోయాయి, సెట్ మార్చాలి’. డీజిల్ బండి అయితే బిల్లు వేలల్లోనే. అయితే నాలుగింటిలో పోయింది ఒక్కటే కావచ్చు. అసలు ఏదీ పోకపోయి ఉండొచ్చు కూడా.

ఐడ్లింగ్‌లోనే ఎందుకు తెలుస్తుంది?

ఐడ్లింగ్‌లో ఇంజిన్ నిమిషానికి 800 సార్లు తిరుగుతోంది అనుకుందాం. నాలుగు సిలిండర్ల బండిలో సెకనుకు దాదాపు 27 సార్లు ఇంధనం మండాలి. ప్రతిసారీ పడేది చాలా కొంచెం. అందులో ఒక ఇంజెక్టర్ కాస్త తక్కువ కొట్టినా, ఎక్కువ కారినా బండి ఊగుతుంది. స్పీడులో ఇంజిన్ ఊపు ఆ తేడాను కప్పేస్తుంది.

పెట్రోల్ కారైతే ముందు స్పార్క్ ప్లగ్‌లు, కాయిల్స్, థ్రాటిల్ బాడీలో మడ్డి, గాలి పీల్చే పైపుల లీక్ చూడాలి. చవకగా తేలేవి ఇవే. తర్వాత స్కానర్ పెట్టించండి. పీ0302 కోడ్ వస్తే రెండో సిలిండర్‌లో మిస్ ఉందని అర్థం. ఇంజెక్టర్ పోయిందని కాదు! పీ0202 వస్తే మాత్రం ఆ ఇంజెక్టర్ కరెంట్ లైన్‌లో తేడా ఉన్నట్టు. వైరు, కనెక్టర్ కూడా కావచ్చు.

ఇక్కడ ఖర్చు లేని టెస్ట్ ఒకటుంది. రెండో ఇంజెక్టర్‌ను మూడో దానితో మార్చి బిగించాలి. కోడ్ పీ0303కి మారిందా.. దోషం ఇంజెక్టర్‌దే. మారలేదా.. ప్లగ్, కాయిల్, కంప్రెషన్ వైపు వెతకాలి. మెకానిక్ ఇది చేయనంటే వేరే షెడ్డుకు వెళ్లడమే మంచిది. ట్యాంకులో పోసే క్లీనర్ డబ్బా కొద్దిపాటి మడ్డికి పనికొస్తుందేమో గానీ, లోపల కాయిల్ కాలిపోయిన ఇంజెక్టర్‌ను బాగు చేయదు.

డీజిల్ బండికి లెక్క వేరు. మొదట ఫిల్టర్ అడుగున ఉన్న స్క్రూ తిప్పి ఒక సీసాలో పట్టండి. నీళ్లు బరువు కాబట్టి కిందే చేరతాయి. పొలం దగ్గర ట్రాక్టర్ కోసం డ్రమ్ముల్లో దాచిన డీజిల్‌నే కారుకూ, పికప్‌కూ పోసేవాళ్లు ఇది తప్పక చూడాలి. నీళ్లు నాజిల్‌ను లోపలి నుంచి తినేస్తాయి. ఫిల్టర్ సంగతి తేల్చకుండా కొత్త నాజిల్స్ వేస్తే అవీ పోతాయి.

తర్వాత రిటర్న్ టెస్ట్. ప్రతి ఇంజెక్టర్ రిటర్న్ పైపుకు ఒక్కో సీసా తగిలించి ఇంజిన్ నడుపుతారు. ఏ సీసాలో మిగతావాటికంటే బాగా ఎక్కువ డీజిల్ చేరిందో ఆ ఇంజెక్టర్ లోపల అరిగినట్టే.

జాగ్రత్త: పాత బండ్లలో చేసినట్టు నడుస్తున్న ఇంజిన్ మీద నాజిల్ పైపు నట్టు వదులు చేయొద్దు. కామన్ రైల్‌లో ఐడ్లింగ్‌లోనే ప్రెషర్ వందల బార్‌లలో ఉంటుంది. చిమ్మిన డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి వెళ్లిపోతుంది. అలా జరిగితే చిన్న గాయంలా కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

మరి ఎప్పుడు ఆలస్యం చేయకూడదు? నల్ల పొగతో పాటు ఇంజిన్ ఆయిల్ లెవెల్ పెరిగి, డిప్ స్టిక్ దగ్గర డీజిల్ వాసన వస్తుంటే బండి నడపొద్దు. ఇంజెక్టర్ కారి డీజిల్ ఆయిల్‌లో కలుస్తుండొచ్చు. ఆయిల్ పలచబడితే బేరింగులు పోతాయి. ఇంకా ముదిరితే పిస్టన్‌కే చిల్లు పడొచ్చు.

విప్పిన నాజిల్స్‌ను టెస్ట్ బెంచ్ ఉన్న డీజిల్ పంపు షాపులో మీ కళ్లముందే చెక్ చేయించండి. కొత్తది వేస్తే చాలా కామన్ రైల్ బండ్లలో దాని మీదున్న కోడ్‌ను స్కానర్‌తో ఎక్కించాలి. లేదంటే కొత్త ఇంజెక్టర్‌తోనూ బండి ఊగుతుంది. తిరిగి బిగించేటప్పుడు కింద కొత్త రాగి వాషర్ వేయమని చెప్పండి.