గంధకం, మైలతుత్తం, తెల్లద్రాక్ష: లాంగ్దాక్ తోటల చరిత్ర

ద్రాక్షరసం పులిసి సారాగా మారుతుందని మానవునికి అతి ప్రాచీనకాలం నుండి తెలుసు. అది పులియడానికి కారణమేమిటో, ద్రాక్షతీగను పాడుచేసే తెగుళ్లు ఏవో శాస్త్రీయంగా తేలింది మాత్రం పందొమ్మిదవ శతాబ్దంలోనే. ఈ విజ్ఞానం ఒక వ్యవసాయ ప్రాంతాన్ని ఎట్లా మార్చిందో తెలుసుకోవడానికి దక్షిణ ఫ్రాన్సులోని లాంగ్దాక్ చక్కని ఉదాహరణ. మధ్యధరా సముద్రతీరాన నార్బొన్, మోంపెలియే నగరాల చుట్టూ ఈ ప్రాంతం వ్యాపించి ఉన్నది.

ఆ శతాబ్దపు ఉత్తరార్ధంలో ఇక్కడి తోటలకు మూడు ఆపదలు వచ్చాయి. మొదటిది 1850 దశకంలో వ్యాపించిన బూడిద తెగులు. తీగలపై గంధకపు పొడి చల్లి దానిని అదుపులోకి తెచ్చారు. రెండవది వేళ్లను పీల్చి తీగను చంపే ఫిల్లోక్సెరా అనే అతి చిన్న కీటకం. 1868లో మోంపెలియే శాస్త్రజ్ఞుడు ప్లాంషోన్, ఆయన సహచరులు చచ్చిపోతున్న తీగల వేళ్లపై దీనిని కనుగొన్నారు. ఇది అమెరికా నుండి వచ్చింది. అమెరికా జాతుల ద్రాక్షవేళ్లు దీనిని తట్టుకోగలవు. కనుక ఆ వేళ్లపై ఐరోపా తీగలను అంటుకట్టారు. మూడవది 1878లో ఫ్రాన్సులో కనిపించిన బూజు తెగులు. మైలతుత్తం, సున్నం నీటిలో కలిపి చల్లితే ఇది ఆగుతుందని 1885లో బోర్డో ఆచార్యుడు మిలార్దే ప్రకటించాడు. మన రైతులు ఎరిగిన బోర్డో మిశ్రమం ఇదే.

తోటలు కోలుకున్నాయి, కాని కొత్త చిక్కు పుట్టింది. మైదానాలలో ఆరమాన్ వంటి, విరివిగా కాచే రకాలను నాటారు. పంట పెరిగింది, రుచి పలుచబడింది. నీరు, చక్కెర కలిపిన దొంగసరుకు కూడా తోడై ధరలు పడిపోయాయి. 1907 జూన్ 9న మోంపెలియేలో లక్షలమంది గుమికూడి నిరసన తెలిపారు. అదే నెలలో నార్బొన్‌లో సైనికుల కాల్పులకు పలువురు బలి అయ్యారు. జూన్ 29న కల్తీని అరికట్టే చట్టం వచ్చింది.

నాణ్యత వైపు మళ్లడానికి మరెన్నో దశాబ్దాలు పట్టింది. నాసి తోటలను పెరికివేయడానికి ప్రభుత్వం సహాయధనం ఇచ్చింది. 1985లో లాంగ్దాక్ కొండవాలు తోటల సారాకు ఉత్పత్తిస్థాన నామం లభించింది. తో అనే ఉప్పునీటి సరస్సు చెంతనున్న పినే గ్రామపు తెల్లసారా, పిక్పూల్, 2013లో ప్రత్యేక నామం పొందింది. పిక్పూల్ ద్రాక్ష ఎండలో పండినా పులుపు కోల్పోదు. పులిసే రసాన్ని చల్లగా ఉంచే శీతల యంత్రాల వల్ల, వేడి ప్రాంతంలో కూడా సువాసన పోకుండా తెల్లసారా తీయడం సాధ్యమయింది.

సేంద్రియ కృషికి ఈ ప్రాంతం అనుకూలమే. వేసవి పొడిగా ఉంటుంది. గాలులు ఆకులపై తడిని త్వరగా ఆర్పుతాయి. కనుక బూజు తక్కువ. అయితే సేంద్రియమంటే మందులే లేవని అర్థం కాదు. కృత్రిమ క్రిమినాశకాలు, కలుపు మందులు నిషిద్ధం. గంధకం, రాగి లవణాలు వాడవచ్చు. రాగి నేలలో విచ్ఛిన్నం కాదు. అది పేరుకొంటే వానపాములకు, సూక్ష్మజీవులకు హాని. అందుచేత ఐరోపా సమాజంలో 2019 నుండి హెక్టారుకు ఏడేళ్లలో 28 కిలోగ్రాముల రాగిని మించి వాడరాదు.

తెల్లసారాకు మరొక చిక్కు కలదు. ఎర్రసారాను ద్రాక్షతొక్కలతో కలిపి పులియబెడతారు. తొక్కలలోని టానిన్లు దానిని ఆక్సీకరణం నుండి కొంత కాపాడుతాయి. తెల్లసారాకు తొక్కలను ముందే వేరుచేస్తారు, కనుక ఆ రక్షణ తక్కువ. సల్ఫర్ డయాక్సైడు ఎక్కువ కావాలి. 2012లో వచ్చిన ఐరోపా నియమాలు చక్కెర అతి తక్కువగా ఉన్న సేంద్రియ తెల్లసారాలో లీటరుకు 150 మిల్లీగ్రాములు, ఎర్రసారాలో 100 మిల్లీగ్రాములు హద్దుగా పెట్టాయి. మామూలు సారాకు ఈ హద్దులు 200, 150. అంతకు ముందు “సేంద్రియ ద్రాక్షతో చేసినది” అని మాత్రమే చెప్పుకొనే వీలుండేది.

లాంగ్దాక్ రైతును 1885లో కాపాడిన మైలతుత్తమే నేడు అతని నేలకు భారమవుతున్నది. రాగి తగ్గించాలంటే తెగుళ్లను తట్టుకొనే కొత్త రకాలు కావాలి. ఫిల్లోక్సెరా నాడు అమెరికా వేళ్లు చూపిన దారి కూడా అదే.