మరణానంతరం మెదడును భద్రపరచడం

మనిషి చనిపోయాక మెదడు కుళ్లిపోకుండా అతిశీతలంలోనో రసాయనాల్లోనో నిలవ ఉంచడాన్ని మెదడు పరిరక్షణ అంటారు. కొందరు పరిశోధన కోసం ఇస్తారు. మరికొందరు ఏనాటికైనా మళ్లీ బతికిస్తారన్న ఆశతో దాచిపెట్టిస్తారు. ఈ రెండో పద్ధతి పేరు క్రయానిక్స్. ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లోని మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో క్రయానిక్స్ జరిపేవారు లేరు. అయినా దానికి ఆధారమైన ద్రవ నత్రజని ఇక్కడి పశువైద్యులకు ఏనాడో పరిచయం.

పొట్టి ఆవుల జాతికి పుంగనూరు పెట్టింది పేరు. అంతరించే దశకు వచ్చిన ఆ జాతిని పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో కాపాడుతున్నారు. పశువుల కృత్రిమ గర్భధారణకు వాడే వీర్యాన్ని సన్నని స్ట్రాలలో నింపి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉంచుతారు. క్యాన్ మూత తీయగానే తెల్లటి పొగ పొర్లుకొస్తుంది. పట్టకారుతో స్ట్రా అందుకుని గోరువెచ్చని నీళ్లలో అర నిమిషం ఉంచితే చాలు, ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉన్న కణాలు మళ్లీ ఈదుతాయి. ఇది సాధ్యమైంది చలికి కణాలు చెడకుండా కాపాడే గ్లిసరాల్ వల్ల. 1949లో క్రిస్టొఫర్ పోల్జ్ బృందం లండన్‌లో కోడిపుంజు వీర్యంపై దాని గుణాన్ని నిరూపించింది. కణం బతికినప్పుడు మనిషి ఎందుకు బతకడు అన్న ప్రశ్న కొందరిని వెంటాడింది. అమెరికాలో భౌతికశాస్త్ర అధ్యాపకుడు రాబర్ట్ ఎటింగర్ 1960లలో దాన్ని పుస్తకంగా రాశాడు. 1967 జనవరి 12న జేమ్స్ బెడ్‌ఫర్డ్ అనే మనస్తత్వశాస్త్ర ఆచార్యుడి దేహాన్ని గడ్డకట్టించారు. అది నేటికీ అరిజోనాలోని ఆల్కోర్ సంస్థలో ఉంది. అక్కడ తలను మాత్రమే దాచుకునే వీలూ ఉంది, ఖర్చు తక్కువ గనుక. అందరి కథా అంత సాఫీగా సాగలేదు. కాలిఫోర్నియాలోని చాట్స్‌వర్త్ శ్మశానంలో దాచిన దేహాలు డబ్బు కట్టేవారు లేక కరిగి కుళ్లిపోయాయని 1979లో బయటపడింది.

చిక్కంతా నీటితోనే. మదనపల్లె మార్కెట్‌లో కొన్న టమాటాను ఓ రాత్రి డీప్ ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే చేతిలో నీరుకారి మెత్తబడిపోతుంది. లోపల ఏర్పడిన మంచు పలుకులు కణాల గోడలను చీల్చేస్తాయి. మెదడుకూ ఇదే గతి. వీర్యకణం అతి చిన్నది, గ్లిసరాల్ ఇట్టే లోపలికి చేరుతుంది. కిలోన్నరకు కాస్త తక్కువ తూగే మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. వాటన్నిటికీ ఆ రక్షక రసాయనం రక్తనాళాల ద్వారానే అందాలి. గుండె ఆగిన కొన్ని నిమిషాలకే ఆ దారులు మూసుకుపోవడం మొదలవుతుంది.

మంచు పలుకులు కట్టనివ్వకుండా గాజులా బిగిసేలా చల్లబరిచే పద్ధతి తర్వాత వచ్చింది. ముందుగా గ్లూటరాల్డిహైడ్ ఎక్కించి ఆపై చల్లబరచిన కుందేలు మెదడుకు 2016లో, పంది మెదడుకు 2018లో బ్రెయిన్ ప్రిజర్వేషన్ ఫౌండేషన్ బహుమతులిచ్చింది. కణాల మధ్య అల్లిక చెక్కుచెదరలేదు. కానీ ఆ రసాయనం ప్రొటీన్లను శాశ్వతంగా బిగించేస్తుంది, కాబట్టి ఆ మెదడు మళ్లీ పనిచేసే ప్రసక్తే లేదు. అల్లికను చదివి మనసును కంప్యూటర్‌లోకి ఎక్కించవచ్చనే వాదన ఉన్నా, ప్రస్తుతానికి అది నమ్మకం కిందే లెక్క. 2019లో యేల్ పరిశోధకులు చనిపోయి నాలుగు గంటలైన పందుల మెదళ్లలో కొన్ని కణాల పనిని తిరిగి మొదలుపెట్టించగలిగారు. స్పృహ జాడ మాత్రం కనిపించలేదు. ఇంతవరకూ గడ్డకట్టించిన ఏ మనిషీ, ఏ మనిషి మెదడూ తిరిగి బతకలేదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాసులకు నిజంగా అందుబాటులో ఉన్నది బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రిలో 1995లో మొదలైన మెదడు బ్యాంకు. కుప్పం నుంచి రైల్లో రెండు గంటల దూరం. అల్జీమర్స్, పార్కిన్సన్స్ వంటి జబ్బులపై పరిశోధనకు అక్కడ మెదడు కణజాలాన్ని ఫార్మలిన్‌లోనూ, మైనస్ 80 డిగ్రీల ప్రాంతంలోనూ ఉంచుతారు. జబ్బు లేనివారి మెదళ్లూ పోల్చి చూడటానికి కావాలి. అయితే గంటల్లోనే ఇవ్వాలి. విదేశంలో ఉన్న కొడుకు వచ్చేదాకా అద్దె ఫ్రీజర్ పెట్టెలో శవాన్ని రెండు రోజులు ఉంచితే కణజాలం పనికిరాకుండా పోతుంది. ముఖం పాడవుతుందేమోనని ఇంటివారు జంకుతారు. తల వెనక భాగాన, ఒక చెవి నుంచి మరో చెవి దాకా కోసి మెదడు తీసి మళ్లీ కుడతారు కాబట్టి చివరిచూపుకు వచ్చినవారికి తేడా తెలియదు.

దేహదానం వేరే సంగతి. కుప్పంలోని పీఈఎస్ వంటి వైద్య కళాశాలల్లో అనాటమీ పాఠానికి నిండు దేహమే కావాలి. మెదడు తీసిన దేహాన్ని సాధారణంగా తీసుకోరు, అందుకే ఏది ఇవ్వాలో కుటుంబం ముందే తేల్చుకోవాలి. కళ్లు మాత్రం దేనితోపాటైనా ఇవ్వొచ్చు, ఆరు గంటల్లోపు.