వాడి లైనుకు పూచీ పడ్డదెవరు?

సికింద్రాబాద్‌కు తొలి రైలు 1874 అక్టోబరులో వచ్చింది. ఆ లైనుకు నూటయాభై ఏళ్లు దాటాయి. మెట్రో విస్తరణకు డబ్బు ఎక్కణ్నుంచి తేవాలా అని లెక్కలు వేసుకుంటున్న ఈ రోజుల్లో, ఆనాటి లెక్కలు ఒకసారి తిరగేయాలి.

అంతకుముందు బాటలైనా వంతెనలైనా ఖజానా సొమ్ముతోనే. 1578లో మూసీ మీద పురానాపూల్‌ను కుతుబ్‌షాహీలు అలాగే కట్టించారు. ఆ తర్వాత దాదాపు మూడు వందల ఏళ్లు ఎడ్లబండ్లు, సరాయిలతోనే గడిచాయి.

బొంబాయి-మద్రాసు లైను వాడి అనే ఊరి మీదుగా వెళ్లింది. అక్కణ్నుంచి సికింద్రాబాద్ కంటోన్మెంటుకు లైను వేయాలని బ్రిటిష్‌వాళ్లు పట్టుబట్టారు. పని వాళ్ల ఇంజినీర్లది, ఖర్చు నిజాం సర్కారుది. ఆ భారం మోయడం దివాన్ సాలార్‌జంగ్ హయాంలోనే కష్టమైంది. ఆయన కన్నుమూసిన 1883లోనే లండన్‌లో నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ పుట్టింది. పెట్టుబడి వాటాదారులది, పూచీ సర్కారుది: 20 ఏళ్లపాటు ఏటా 5 శాతం రాబడి. అంటే వంద పౌన్లు పెట్టినవాడికి ఏడాదికి అయిదు పౌన్లు అందాల్సిందే. రైలు మూడే సంపాదిస్తే మిగతా రెండూ ఖజానా నుంచి వెళ్లాలి. లండన్ మదుపరికి నష్టభయం లేదు. వానలు పడకపోయినా, బండ్లు ఖాళీగా తిరిగినా ఆ భారం ఇక్కడి రైతు కట్టే శిస్తు మీదే పడేది.

అయినా లైను మాత్రం సాగింది. 1886లో వరంగల్, 1889లో బెజవాడ చేరింది. సింగరేణి బొగ్గుకు దారి దొరికింది. ఆ మేలును నేను తక్కువ చేయను. 1930లో నిజాం సర్కారు కంపెనీని కొనేసింది. 1932లో అదే రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. సర్కారు సొంత సొమ్ముతో సొంత బండ్లు నడిపిన ఆ ఘట్టమంటే నాకు ఎనలేని ఇష్టం.

ఇప్పటి కథ ఇంత వరసగా లేదు. 2017లో మొదలైన హైదరాబాద్ మెట్రోను ఎల్ అండ్ టీ కట్టింది, కేంద్రం లోటు భర్తీ నిధి ఇచ్చింది. 2023లో అవుటర్ రింగ్ రోడ్డు టోలును 30 ఏళ్లకు 7,380 కోట్ల రూపాయలకు లీజుకిచ్చారు. 2025లో మెట్రో తొలి దశను, దాని మీదున్న సుమారు 13 వేల కోట్ల అప్పుతో సహా తీసుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. తర్వాతి దశకు సంతకాలు పెట్టేముందే, ప్రయాణికులు తగ్గితే ఆ లోటు ఎవరు పూడ్చాలో శాసనసభలో అంకెలతో సహా చెప్పాలి.