నరసాపురం లేసు ఎవరి తీరిక?

పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో ఇంగ్లండు కలవారి ఇళ్ళలో సాయంత్రపు టీ ఒక మర్యాదగా స్థిరపడింది. 1840లలో బెడ్‌ఫర్డ్ డచెస్ అన్నా ఆ అలవాటును మొదలుపెట్టిందని చెబుతారు. కబుర్లు సాగేకొద్దీ టీ కూజా చల్లారుతుంది కాబట్టి 1860ల నాటికి దానికి తొడుగులు వచ్చాయి. కాఫీ కూజాకూ అలాంటివే అల్లేవారు. ఊలు పోగుల మధ్య చిక్కుకున్న గాలి వేడిని తొందరగా పోనివ్వదు. ఇల్లాలు ఆ తొడుగును తన ఇంటికోసం, తీరిక ఉన్నప్పుడు అల్లుకునేది. దానికి ఎవరూ వెల కట్టలేదు, కట్టనక్కరలేదు కూడా. అలాంటి టీ బల్లలమీద కూజా కింద పరిచే లేసు గుడ్డలు గోదావరి ఒడ్డున ఉన్న నరసాపురం నుంచి కూడా వెళ్ళాయి. వాటిని అల్లడాన్నీ తీరిక పని అనే అన్నారు. నరసాపురం లేసు చరిత్రలో జరిగిన అన్యాయమంతా ఆ ఒక్క మాట చాటునే జరిగిందని నా వాదన.

స్కాట్లండు నుంచి వచ్చిన మెక్రే దంపతులు 1844 ప్రాంతంలో ఈ విద్య నేర్పారని అక్కడ చెప్పుకుంటారు. మొదట నేర్చుకున్నది క్రైస్తవం పుచ్చుకున్న పేద కుటుంబాల ఆడవాళ్ళు. 1900 ప్రాంతానికి అది ఎగుమతి వ్యాపారమైంది. క్రమంగా గడప దాటి కూలికి వెళ్ళడం పరువు తక్కువనుకునే కాపు కుటుంబాల్లోకీ పాకింది. పని తీరు చూస్తే దీన్ని కాలక్షేపం అనలేం. ఎడమచేతి వేలికి నూలు దారం చుట్టుకుని, కుడిచేతిలో కొక్కెపు సూదితో ఒక ముడిలోంచి మరో ముడిని లాగుతూ పోవాలి. ఒక్క ముడి తప్పితే పువ్వు వంకర పోతుంది, అక్కడిదాకా విప్పాల్సిందే. ఒకరు పువ్వులు అల్లితే మరొకరు వాటిని అతుకుతారు. దారం ఇచ్చేది ఏజెంటు, ముక్కలు పట్టుకెళ్ళేదీ ఏజెంటే. బల్లగుడ్డ మొత్తం ఎలా ఉంటుందో, ఏ దేశంలో ఎంతకు అమ్ముడవుతుందో పువ్వు అల్లినామెకు తెలిసే దారి లేదు. పనిని ఇలా ముక్కలు చేసి పంచడం ఫ్యాక్టరీ పద్ధతి. కాకపోతే ఇక్కడ షెడ్డు ఖర్చు, దీపం ఖర్చు కూడా పనిచేసే మనిషిదే.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర ఈ ఊళ్ళలో పరిశోధించి, 1982లో పుస్తకం వెలువరించింది. లక్షకు పైగా ఆడవాళ్ళు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లుతున్నారని, వాళ్ళ రాబడి వ్యవసాయ కూలీ స్త్రీల కనీస వేతనంలో మూడో వంతు కూడా లేదని ఆమె తేల్చింది. అయినా జనాభా లెక్కల్లో వాళ్ళు కార్మికులుగా కనిపించలేదు. వాళ్ళు గృహిణులు, చేసేది ఖాళీ సమయంలో చేసే పని అన్నదే అందరి సమాధానం. ఎగుమతిదారులు మాత్రం అప్పటికే పేరున్న వ్యాపారులు.

దీనికి ఎదురుమాట ఉంది, అది తేలిగ్గా తీసిపారేయదగింది కాదు. ఇల్లు, పిల్లలు చూసుకుంటూ నాలుగు రూపాయలు సంపాదించే వీలు మరెక్కడుంది, ఆ నాలుగూ లేకపోతే కరువు రోజుల్లో పొయ్యి వెలిగేదా అని అడుగుతారు. ఆ రాబడి ఎన్నో ఇళ్ళను నిలబెట్టిన మాట నిజం. కానీ ఇంట్లో కూర్చుని చేసినంత మాత్రాన పని విలువ తగ్గదు. చేనేత మగ్గం కూడా ఇంట్లోనే ఉంటుంది, అయినా నేతను ఎవరూ కాలక్షేపమనరు. బయటి దేశాల్లో గిరాకీ తక్కువ, ధర పెంచితే యంత్రపు లేసుతో పోటీపడలేమన్నది రెండో అభ్యంతరం. పోటీ నిజమే. అయితే యంత్రం చేయలేని చేతిపని అని చెప్పుకుని సరుకు అమ్మేవాళ్ళు, ఆ చేతికి యంత్రం కన్నా తక్కువ విలువ కట్టడం ఏ లెక్కన సబబు?

2024లో నరసాపురం లేసు అల్లికకు భౌగోళిక గుర్తింపు దక్కింది. దానివల్ల ఊరి పేరుకు రక్షణ వచ్చింది, అల్లే చేతికీ రావాలంటే రెండు పనులు జరగాలి. ముక్కకు ఇంత అనే పాత లెక్క మాని, పట్టిన గంటలను బట్టి కూలి నిర్ణయించాలి. సూది పట్టిన ప్రతి మనిషినీ కార్మికురాలిగా నమోదు చేయాలి. ఈ రెండూ జరగనిదే ఆ గుర్తింపు ఫలం వ్యాపారిని దాటి కిందికి రాదు.