శతాబ్దం దాటిన పోచారం: ఆయకట్టుకు అన్నం, అడవికి జీవం

మెదక్: చుట్టూ అడవి, మధ్యలో నిండుకుండలాంటి జలాశయం, తలుపులు లేని రాతికట్టపై నుంచి తెల్లగా దూకే మత్తడి. మెదక్, కామారెడ్డి జిల్లాల సరిహద్దున ఉన్న పోచారం ప్రాజెక్టు వర్షాకాలంలో సందర్శకులకు కనువిందు చేస్తుంది. అయితే ఈ చిన్న ప్రాజెక్టు విలువ దాని అందంతోనే ముగిసిపోదు. దిగువన వేలాది ఎకరాల వరిపొలాలు, ఒడ్డున వందలాది వన్యప్రాణులు దీని నీటిపైనే ఆధారపడ్డాయి. 2025 ఆగస్టులో వచ్చిన వరద ఈ రాతికట్ట బలాన్ని, దానికి పొంచి ఉన్న ముప్పును ఒకేసారి బయటపెట్టింది.

నిజాం కాలపు నిర్మాణం

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో, 1916-1922 మధ్య మంజీరకు ఉపనది అయిన ఆలేరు వాగుపై ఈ ఆనకట్టను నిర్మించారు. మంజీరపై నిజాంసాగర్ పనులు మొదలైనది 1923లో. అంటే ఆ పెద్ద ప్రాజెక్టుకు పునాది పడేనాటికే పోచారం సిద్ధమైంది. లింగంపేట పెద్దవాగు, గుండారం వాగుల నుంచి వచ్చే వరద ఈ జలాశయంలోకి చేరుతుంది. పూర్తిస్థాయి నీటిమట్టం 1,464 అడుగులు. కామారెడ్డి జిల్లాలోని నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలాల్లో 10,500 ఎకరాల ఆయకట్టు దీని కింద ఉంది. వానాకాలంలో ఆయకట్టు అంతటికీ నీరిస్తారు. యాసంగిలో ఏ, బీ జోన్లుగా విభజించి వంతులవారీగా వదలడం ఇక్కడి ఆనవాయితీ. మత్తడి దూకిన నీరు మంజీరలో కలిసి నిజాంసాగర్‌కు చేరుతుంది.

గేట్లు లేని కట్ట

ప్రాజెక్టుకు వరద గేట్లు లేవు. నీరు కట్ట అంచుకు చేరగానే మత్తడి దానంతటదే దూకుతుంది. రాతికట్ట తన బరువుతోనే నీటి ఒత్తిడిని ఆపుతుంది కాబట్టి, నీరు పైనుంచి పారినా దానికి హాని ఉండదు. గేట్లు ఎత్తడానికి మనిషి గాని, విద్యుత్తు గాని అక్కర్లేదు. ఈ సౌలభ్యంలోనే ఒక లోపమూ ఉంది. భారీ వర్షం వస్తుందని ముందే తెలిసినా, మత్తడి మీదుగా నీటిని ముందస్తుగా వదిలి జలాశయాన్ని ఖాళీ చేసే వీలుండదు. అలాంటి వేళ మట్టితో కూడిన పక్క భాగాలకే ప్రమాదం ఎక్కువ. రాయి తట్టుకున్న ప్రవాహాన్ని మట్టి తట్టుకోలేదు.

ఆగస్టు పరీక్ష

2025 ఆగస్టు 27, 28 తేదీల్లో అదే జరిగింది. కామారెడ్డి జిల్లాలో ఒకచోట 40 సెంటీమీటర్లకు మించి వాన కురిసింది. సుమారు 70 వేల క్యూసెక్కుల ప్రవాహానికి రూపొందించిన పోచారానికి అంతకు రెట్టింపు మించిన వరద పోటెత్తింది. కట్ట పక్కన నేల కోతకు గురై భారీ గొయ్యి పడింది. కట్ట తెగుతుందేమోనన్న భయంతో దిగువ గ్రామాల ప్రజలు వణికిపోయారు. మెదక్-ఎల్లారెడ్డి మార్గంలో రాకపోకలు నిలిచిపోయాయి. చివరకు నూరేళ్లు దాటిన రాతికట్ట నిలిచింది, పెను ముప్పు తప్పింది. ఆనాటి పనివారి నైపుణ్యాన్ని అందరూ కొనియాడారు.

నాలుగో వంతు పూడికపాలు

వరదను ఎదిరించిన ఈ ప్రాజెక్టును పూడిక మాత్రం నిశ్శబ్దంగా దెబ్బతీస్తోంది. నిర్మించిన నాడు 2.423 టీఎంసీలున్న నిల్వ సామర్థ్యం కాలక్రమంలో 1.82 టీఎంసీలకు తగ్గింది. దాదాపు నాలుగో వంతు స్థలాన్ని మట్టి ఆక్రమించింది. తగ్గిన ప్రతి అడుగు లోతూ యాసంగి రైతుకు నష్టమే. ఎండాకాలంలో నీటి కోసం ఒడ్డుకు వచ్చే జంతువులకూ అది నష్టమే.

వేటస్థలం నుంచి అభయారణ్యం

జలాశయం చుట్టూ ఉన్న అడవి ఒకప్పుడు నిజాం వేటస్థలం. 1952లో దీనిని వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. సుమారు 130 చదరపు కిలోమీటర్ల ఈ అడవికి జలాశయం పేరే స్థిరపడింది. హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లోని కేబీఆర్ జాతీయ ఉద్యానవనం విస్తీర్ణం నాలుగు వందల ఎకరాల లోపే. దానితో పోలిస్తే పోచారం అడవి ఎంత విశాలమో ఊహించవచ్చు. చిరుతలు, ఎలుగుబంట్లు, చుక్కల దుప్పులు, కణితులు, మనుబోతులు, నాలుగు కొమ్ముల జింకలు ఇక్కడ సంచరిస్తాయి. జలాశయానికి చేరువలో జింకల పునరుత్పత్తి కేంద్రం ఉంది. శీతకాలంలో హిమాలయాలను దాటి వచ్చే బార్ హెడెడ్ గూస్ బాతులు, బ్రాహ్మణీ బాతులు ఈ నీటిలో విడిది చేస్తాయి. నత్తగొట్టు కొంగలూ కనిపిస్తాయి.

అడవి ఉంటేనే చెరువు

అడవి, జలాశయం ఇక్కడ ఒకదానికొకటి కాపలా. ఎగువన చెట్లు, పొదలు ఉన్నంతకాలం వాన నీరు నెమ్మదిగా ఇంకి వాగుల్లోకి దిగుతుంది. అవి పలచబడితే నీటితోపాటు మట్టీ కొట్టుకొచ్చి జలాశయం అడుగున చేరుతుంది. అందువల్ల పూడిక తీయడంతోనే పని పూర్తికాదు. పరీవాహక ప్రాంతంలో చెట్లను కాపాడటం, వాగులపై మట్టిని నిలిపే చిన్న అడ్డుకట్టలు కట్టడం అంతే ముఖ్యం. అభయారణ్యంలోకి వచ్చే, అక్కడి నుంచి వెలుపలికి వెళ్లే నీటి ప్రవాహాన్ని మార్చే పనులకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి తప్పనిసరి. కాబట్టి నీటిపారుదల, అటవీ శాఖలు కలిసి నడవక తప్పదు. నూరేళ్ల నాటి రాతికట్ట తన బాధ్యతను నెరవేర్చింది. మట్టికట్టల పటిష్ఠత, పూడిక తొలగింపు, ఎగువ అడవి రక్షణ ఈ తరం చేతుల్లో ఉన్నాయి.

ఎలా చేరుకోవాలి?

పోచారం మెదక్ పట్టణానికి సుమారు 15 కిలోమీటర్లు, హైదరాబాద్‌కు సుమారు 115 కిలోమీటర్ల దూరంలో ఉంది. మెదక్ నుంచి ఎల్లారెడ్డి వెళ్లే రహదారిలో ప్రయాణించాలి. పక్షులను చూడాలనుకునేవారికి శీతకాలం అనుకూలం. మత్తడి దూకే వేళ నీటిలోకి దిగడం ప్రాణాపాయమని సందర్శకులు గుర్తుంచుకోవాలి.