నలభై దాటాక బరువు: తగ్గించడం ఒక పని, నిలబెట్టుకోవడం మరో పని

దేశ రాజధానిలో ప్రతి పది మంది మహిళల్లో నలుగురికి పైగా ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నారు. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఢిల్లీ మహిళల్లో 41.3 శాతం, పురుషుల్లో 38 శాతం మందికి బీఎంఐ 25 లేదా అంతకంటే ఎక్కువ. దేశం మొత్తం మీద ఇది మహిళల్లో 24, పురుషుల్లో 22.9 శాతమే. ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 36.3, తెలంగాణ మహిళల్లో 30.1 శాతం. అంటే ఉద్యోగాల కోసం తెలుగు రాష్ట్రాల నుంచి ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌లకు వెళ్లినవారు ఒక బరువైన ప్రాంతం నుంచి ఇంకా బరువైన ప్రాంతానికి చేరినట్టే.

ఈ లెక్కలు 15 నుంచి 49 ఏళ్ల వారివి. పొట్ట, షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు ఒకదాని వెంట ఒకటి వచ్చేది ఆ తర్వాతి వయసులోనే. బరువు తగ్గాలన్న ఆలోచన చాలామందికి మొదలయ్యేదీ అప్పుడే. తగ్గడం చాలామందికి సాధ్యమవుతోంది. తగ్గినది రెండు మూడేళ్లకే తిరిగి రావడమే అసలు సమస్య.

మనకు కొలత వేరు

బీఎంఐ అంటే కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే సంఖ్య. ప్రపంచ ఆరోగ్య సంస్థ 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం అంటుంది. భారతీయులకు ఈ గీతలు సరిపోవని దేశంలోని నిపుణులు 2009లోనే తేల్చారు. 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని నిర్ణయించారు. నడుము చుట్టుకొలత పురుషులకు 90, మహిళలకు 80 సెంటీమీటర్లు దాటకూడదన్నారు.

కారణం ఒకే ఫొటోతో ప్రపంచానికి తెలిసింది. పుణె వైద్యుడు సి.ఎస్.యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో పక్కపక్కన నిలబడి కనిపించారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. చూడటానికి సన్నగా ఉన్న భారతీయుడి ఒంట్లో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ ఉండొచ్చు. ఆ కొవ్వు పొట్టలో, కాలేయం చుట్టూ పేరుకుంటుంది.

ఢిల్లీలోని ఎయిమ్స్, ఫోర్టిస్ సీ-డాక్ వైద్యులు కలిసి 2025 జనవరిలో ఈ నిర్వచనాన్ని మళ్లీ సవరించారు. బీఎంఐ 23 దాటినా అవయవాల పనితీరుపైనా, రోజువారీ పనులపైనా ప్రభావం లేకపోతే మొదటి దశ. దానికి పొట్ట కొవ్వు, షుగరు, మోకాళ్ల నొప్పుల వంటివి తోడైతే రెండో దశ. సామాన్యులు గుర్తుంచుకోవడానికి తేలికైన సూత్రం ఒకటుంది: నడుము కొలత ఎత్తులో సగం దాటకూడదు.

వయసుతో ఏం మారుతుంది?

నలభై దాటగానే జీవక్రియ మందగించి లావవుతామన్నది బాగా ప్రచారంలో ఉన్న మాట. 2021లో సైన్స్ పత్రికలో వచ్చిన అంతర్జాతీయ అధ్యయనం దీన్ని తోసిపుచ్చింది. శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే 20 నుంచి 60 ఏళ్ల వరకు మనిషి ఖర్చు చేసే శక్తి దాదాపు స్థిరంగానే ఉంటుంది. 60 తర్వాత ఏడాదికి సుమారు 0.7 శాతం చొప్పున తగ్గుతుంది.

మరి నలభైల్లో మారేదేమిటి? వాడకం లేక కండ కరుగుతుంది. కుర్చీలో గడిపే గంటలు పెరుగుతాయి. నిద్ర తగ్గుతుంది. భారతీయ మహిళల్లో సగటున 46-47 ఏళ్లకు నెలసరి ఆగిపోతుంది. ఈస్ట్రోజన్ తగ్గడంతో తొడలు, తుంటి దగ్గర చేరే కొవ్వు పొట్ట వైపు మళ్లుతుంది. థైరాయిడ్ లోపం, స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని షుగరు మాత్రలు, కొన్ని మానసిక వ్యాధుల మందులు కూడా బరువు పెంచుతాయి. అందుకే ఆహారం మార్చే ముందు ఒకసారి రక్తపరీక్షలు చేయించుకుని, వాడుతున్న మందుల చీటీ వైద్యుడికి చూపించడం మంచిది. షుగరు మందులు వాడుతూ ఒక్కసారిగా తిండి తగ్గిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.

నెమ్మదిగా అంటే ఎంత?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మార్గదర్శకాల ప్రకారం వారానికి అర కిలో తగ్గడం సురక్షితం. బరువు తగ్గే ఆహారం కూడా రోజుకు 1,000 కేలరీల కంటే తక్కువ ఉండకూడదు. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి. రోజుకు 500 కేలరీలు తగ్గిస్తే వారానికి దాదాపు అర కిలో తగ్గాలి. శరీరం చిన్నదవుతున్న కొద్దీ ఖర్చూ తగ్గుతుంది కాబట్టి ఈ వేగం కొన్ని నెలలకు మందగిస్తుంది. అది వైఫల్యం కాదు, లెక్క మారడమే.

ఒక ఉదాహరణ. 155 సెంటీమీటర్ల ఎత్తు, 72 కిలోల బరువున్న యాభై ఏళ్ల మహిళ బీఎంఐ 30. దాన్ని 23కు తేవాలంటే దాదాపు 17 కిలోలు తగ్గాలి. ఆ అంకె చూసే చాలామంది మొదటి నెలలోనే చేతులెత్తేస్తారు. అంత అవసరం లేదు. 2002లో వెలువడిన అమెరికా డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ అధ్యయనంలో బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం అన్న లక్ష్యాలు పెట్టుకున్నవారిలో మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. 60 దాటినవారిలో 71 శాతం తగ్గింది. ఈ మహిళకు 7 శాతం అంటే 5 కిలోలు. నాలుగైదు నెలల్లో అయిదు కిలోలు తగ్గి, మరో ఆరు నెలలు అక్కడే నిలబడి, తర్వాత ఇంకో మెట్టు ఆలోచించవచ్చు.

అయితే నెమ్మదిగా తగ్గినంత మాత్రాన బరువు తిరిగి రాదనుకోవడం పొరపాటు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 200 మందికి పైగా ఊబకాయుల్లో కొందరు 12 వారాల్లో, కొందరు 36 వారాల్లో బరువు తగ్గారు. మూడేళ్ల తర్వాత చూస్తే ఇరువర్గాలూ తగ్గిన దానిలో సుమారు 70 శాతం తిరిగి పెరిగాయి. నెమ్మది వల్ల లాభం వేరే చోట ఉంది. వైద్యుల పర్యవేక్షణ లేకుండా వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ప్రమాదం ఎక్కువ, కండ కూడా ఎక్కువ పోతుంది. పైగా నెలల తరబడి పాటించిన పద్ధతి అలవాటవుతుంది. వారం రోజుల ఉపవాసం ఏ అలవాటునూ నేర్పదు.

తగ్గింది ఎందుకు తిరిగి వస్తుంది?

బరువు తిరిగి పెరిగినవారిని మనసు నిలకడ లేనివారిగా చూడటం మన ఇళ్లలో మామూలే. శరీరధర్మం మరోలా చెబుతోంది. మెల్‌బోర్న్ పరిశోధకులే 2011లో ప్రచురించిన మరో అధ్యయనంలో, బరువు తగ్గిన ఏడాది తర్వాత కూడా ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ మొదటికంటే ఎక్కువగానే ఉంది. కడుపు నిండిందని చెప్పే హార్మోన్లు తక్కువగానే ఉన్నాయి. శరీరం తగ్గిన బరువును నష్టంగా భావించి పాత బరువుకు లాగుతుంది. అందుకే బరువు తగ్గించిన పద్ధతిని లక్ష్యం చేరగానే వదిలేస్తే ఫలితం నిలవదు. జీవితాంతం చేయలేని మార్పును మొదలుపెట్టకపోవడమే మేలు.

కంచంలో ఏం మారాలి?

ఢిల్లీ తెలుగు ఇళ్లలో రెండు వంటలు కలుస్తాయి. పగలు అన్నం, పప్పు, పెరుగు. రాత్రి పుల్కాలు. ఆదివారం పొద్దున్నే ఛోలే భటూరేనో ఆలూ పరాఠానో. చలికాలంలో గాజర్ హల్వా, గజక్. నవంబరు నుంచి పెళ్లిళ్ల భోజనాలు. అన్నం మానేసి రొట్టె తింటే చాలు, బరువు తగ్గుతామన్న నమ్మకం ఎక్కువ. 30 గ్రాముల పిండితో చేసిన పుల్కాలో దాదాపు 100 కేలరీలుంటాయి. రెండు పుల్కాలు, ఒక కప్పు అన్నం దాదాపు సమానమే. మారాల్సింది ధాన్యం రకం కంటే దాని పరిమాణం. కంచంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలనీ, మొత్తం కేలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదనీ పోషకాహార సంస్థ చెబుతోంది.

రెండోది నూనె. ఒక టేబుల్ స్పూన్ నూనెలో సుమారు 120 కేలరీలుంటాయి. ఆ సంస్థ నమూనా కంచం ప్రకారం మనిషికి రోజుకు వంటనూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు. నలుగురున్న ఇంటికి నెలకు ఇది సుమారు మూడున్నర లీటర్లు. ప్రతి నెలా సరుకుల బిల్లులో నూనె ఎన్ని లీటర్లుందో చూసుకుంటే ఏ యాప్ అవసరం లేకుండానే సగం లెక్క తేలిపోతుంది.

మూడోది మాంసకృత్తులు. పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు అవసరమన్నది దేశ ప్రమాణం. వయసు మళ్లినవారికి 1 నుంచి 1.2 గ్రాములు మంచిదని వృద్ధాప్య పోషణ నిపుణులు సూచిస్తారు. కిడ్నీ జబ్బున్నవారు మాత్రం వైద్యుడిని అడగాలి. ఒక గుడ్డులో 6 గ్రాములు, 30 గ్రాముల కందిపప్పులో దాదాపు 7, వంద గ్రాముల పనీర్‌లో సుమారు 18 గ్రాములు ఉంటాయి. నీళ్లలాంటి పప్పుచారు రెండు గరిటెలు పోసుకుని ప్రోటీన్ తిన్నామనుకుంటే లెక్క తప్పుతుంది.

నడకకు ఢిల్లీ క్యాలెండర్

వారానికి 150 నుంచి 300 నిమిషాల వ్యాయామం, రెండు రోజులు కండరాలకు పని, 65 దాటితే మూడు రోజులు తూలిపడకుండా నిలకడనిచ్చే కసరత్తులు: ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఢిల్లీలో దీనికి రుతువులు అడ్డొస్తాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో లోధీ గార్డెన్‌లోనో, కాలనీ పార్కులోనో ఏ వేళ నడిచినా హాయే. మే, జూన్ నెలల్లో ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది కాబట్టి తెల్లవారుజామునే పూర్తిచేయాలి. నవంబరు నుంచి జనవరి వరకు ఇది తలకిందులవుతుంది. చలికాలపు ఉదయాల్లో కలుషిత గాలి నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. ఎండ వచ్చాక, మధ్యాహ్నం వేళ కొంత నయం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 'సమీర్' యాప్‌లో గాలి నాణ్యత సూచీ 300 దాటినట్టు కనిపిస్తే, ముఖ్యంగా గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు ఇంట్లోనే వ్యాయామం చేసుకోవాలి.

చాలామంది ప్రయత్నం చెడేది ఇక్కడే. నవంబరులో నడక ఆగుతుంది, అదే నెలలో పెళ్లిళ్లు మొదలవుతాయి. ఫిబ్రవరికల్లా రెండు మూడు కిలోలు తిరిగి వస్తాయి. అందుకే దసరా నాటికే ఇంటి లోపలి ప్రత్యామ్నాయం సిద్ధంగా ఉండాలి. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి చేసే పుషప్‌లు, నీళ్ల సీసాలు ఎత్తడం, మెట్లు ఎక్కడం వంటివాటికి జిమ్ అక్కర్లేదు.

అరవై దాటితే?

ఈ వయసులో తిండి తగ్గించడం ఒక్కటే చేస్తే కొవ్వుతో పాటు కండ, ఎముక బలం కూడా పోతాయి. 65 దాటిన 160 మంది ఊబకాయులపై 2017లో వచ్చిన అమెరికా అధ్యయనంలో బరువు తగ్గుతూ నడక వంటి వ్యాయామం, బరువులెత్తడం రెండూ చేసినవారి శారీరక సామర్థ్యం అందరికంటే బాగా మెరుగుపడింది. ప్రయత్నించకుండానే ఆరు నెలల నుంచి ఏడాదిలో బరువులో 5 శాతం తగ్గితే సంతోషించకూడదు. అది క్షయ, క్యాన్సర్, థైరాయిడ్ అతిచురుకుదనం, కుంగుబాటు వంటివాటికి సంకేతం కావచ్చు. వైద్యుడికి చూపించాలి.

ఇంజెక్షన్లు వచ్చాయి కదా?

2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ భారత మార్కెట్లోకి వచ్చాయి. ఇవి ఆకలిని తగ్గిస్తాయి. వెగోవీ ప్రయోగంలో 68 వారాల్లో సగటున దాదాపు 15 శాతం బరువు తగ్గింది. మందు ఆపిన ఏడాదిలోపు అందులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. వైద్యుడి పర్యవేక్షణలో అవసరమైనవారికి ఇవి మేలు చేస్తాయి. కానీ ఒక పెళ్లి కోసమో, మూడు నెలల కోసమో వాడే మందులు కావివి.

నిలబెట్టుకున్నవారు ఏం చేస్తున్నారు?

అమెరికాలో 1994లో మొదలైన నేషనల్ వెయిట్ కంట్రోల్ రిజిస్ట్రీలో బరువు తగ్గి, దాన్ని కనీసం ఏడాది పాటు నిలబెట్టుకున్నవారు పేర్లు నమోదు చేసుకుంటారు. అలాంటివారు పది వేలకు పైగా ఉన్నారు. తమంతట తాము చేరినవారు కాబట్టి అందరికీ ఇదే వర్తిస్తుందని చెప్పలేం. అయినా వారిలో 90 శాతం మంది రోజుకు దాదాపు గంట వ్యాయామం చేస్తున్నారు. మూడొంతులమంది వారానికి కనీసం ఒకసారి బరువు చూసుకుంటున్నారు.

వారానికి ఒకసారి, ఒకే వేళ, ఒకే తూకం మీద చూసి రాసుకోవడం ఖర్చు లేని పని. రోజువారీ హెచ్చుతగ్గులు నీటివి, వాటిని పట్టించుకోనక్కర్లేదు. నెల సగటు రెండు కిలోలు పెరిగినట్టు తేలితే మళ్లీ నూనె, అన్నం, నడక లెక్క చూసుకోవాలి. రెండు కిలోల దగ్గర సరిదిద్దుకోవడం తేలిక. పదికి చేరేదాకా తూకం ఎక్కకపోతే అంతా మొదటి నుంచి ప్రారంభించాల్సి వస్తుంది.