ఉయ్యాల నుంచి అంగన్‌వాడీ దాకా: పల్నాటి పసిపిల్లల పెంపకం

మాచర్లకూ నాగార్జునసాగర్‌కూ నడుమ చంద్రవంక వాగు సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి దూకే చోటు ఎత్తిపోతల. జలపాతం దగ్గరి దత్తాత్రేయుణ్ణి సుగాలీలు (బంజారాలు) భక్తితో కొలుస్తారు. చుట్టుపక్కల తెలుగు పల్లెలూ, సుగాలీ తండాలూ ఉన్నాయి. ఇక్కడ పసిబిడ్డకు మాట, ఆట నేర్పిన తొలి బడి ఇల్లే. దానికి పుస్తకం లేదు. స్నానం, తిండి, నిద్ర అనే మూడు రోజువారీ పనులే పాఠాలు.

తెలుగు ఇళ్లలో బిడ్డకు నీళ్లు పోయడం పెద్దావిడ పని. పీట మీద కూర్చుని కాళ్లు చాపి, బిడ్డను వాటి మీద పడుకోబెట్టి, ఆముదమో నువ్వుల నూనో పట్టించి, ఒళ్లంతా మర్దన చేసి గోరువెచ్చని నీళ్లు పోస్తుంది. ఆ సేపంతా బిడ్డతో మాట్లాడుతూనే ఉంటుంది. బిడ్డ ‘ఉంగా’ అంటే తాను ‘ఊఁ’ కొడుతుంది. అన్నం వేళ చందమామను పిలవడం, ఒడిలో కూర్చోబెట్టుకుని తారంగం ఆడించడం, నిద్రవేళ జోలపాట పాడటం కూడా అలాంటివే. కాస్త పెద్దయ్యాక గుడుగుడు గుంచం, దాగుడుమూతలు వచ్చి చేరతాయి. పిడికిలి మీద పిడికిలి పెట్టడం, తన వంతు కోసం ఆగడం, దాక్కున్న మనిషి మళ్లీ కనబడతాడని నమ్మడం ఈ ఆటల్లోనే అలవడతాయి.

బిడ్డ ఎదుగుదలను గమనించడానికీ ఒక పద్ధతి ఉండేది. బోర్లపడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులు వేస్తే అరిసెలు, మాటలు వస్తే పంచదార చిలకలు పంచేవారు. ఏ నెలకు ఏది రావాలో ఊరి ఆడవాళ్లకు ఈ వేడుకల వల్లే గుర్తుండేది. వేడుక ఆలస్యమైతే, బిడ్డ వెనకబడిందేమోనని పెద్దలు ఆరా తీసేవారు.

జోలపాటల సంప్రదాయం చాలా పాతది. 15వ శతాబ్దపు అన్నమాచార్యుడు వేంకటేశ్వరుణ్ణి పసివాడిగా భావించి జోలలూ లాలిపాటలూ కట్టాడు. అయితే నోటి పాట చాలాకాలం పరిశోధనకు ఎక్కలేదు. 20వ శతాబ్దంలో బిరుదురాజు రామరాజు వంటి పండితులు జానపద గేయాలను సేకరించి, పరిశీలించి, వాటికి విశ్వవిద్యాలయాల్లో చోటు కల్పించారు.

సుగాలీల పెంపకం మరో దారిలో సాగింది. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ తిరిగిన బిడారుల్లో పిల్లలు నలుగురి చేతుల్లో పెరిగారు. రోడ్లూ రైళ్లూ వచ్చి ఆ వర్తకం దెబ్బతిన్నాక వారు తండాల్లో స్థిరపడి సేద్యం, పశుపోషణ, కూలి పనుల్లోకి దిగారు. హోలీ వేళ ఆ ఏడు పుట్టిన మగబిడ్డకు ధూండ్ వేడుక చేయడం, గుంపుగా పాడటం నిలిచే ఉన్నాయి. జోలపాట వారి భాష గోర్‌బోలీలోనే సాగుతుంది.

పెద్దావిడలు అలవాటుగా చేసిన పనికి శాస్త్రం తర్వాత కారణం చెప్పింది. పుట్టినప్పుడు మెదడు బరువు పెద్దవారి మెదడులో నాలుగో వంతు. మూడేళ్లకు సుమారు 80 శాతానికి చేరుతుంది. ఆ కాలంలో నాడీకణాల నడుమ లంకెలు అతివేగంగా ఏర్పడతాయి. వాడుకలో ఉన్నవి బలపడతాయి, లేనివి రాలిపోతాయి. తల్లి ముఖంలో కదలిక లేకుండా ఉంటే శిశువు మొదట ఆమెను పలకరించడానికి ప్రయత్నించి, ఆ తర్వాత బెంగటిల్లి ముఖం తిప్పుకుంటుందని మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రోనిక్ బృందం 1978లో ప్రకటించింది. జమైకాలోని కింగ్‌స్టన్‌లో 1986–87లో వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లల ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లపాటు వారానికోసారి వెళ్లి తల్లులకు ఆటలు నేర్పారు. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే, ఆ సాయం అందని సాటివారి కంటే ఆ పిల్లల సంపాదన 25 శాతం ఎక్కువగా ఉంది.

అయితే పల్నాడులో ఇంటి బడికి కావలసిన తీరికే కరువైంది. నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీరు వదిలారు. పత్తి, మిరప పెరిగే కొద్దీ కలుపుకూ కోతకూ ఆడకూలీల అవసరం పెరిగింది. తల్లి పొద్దున్నే చేనుకు వెళ్తే బిడ్డ అవ్వ దగ్గరో, అక్క చంకనో ఉండేది. అక్క బడికి వెళ్లడం, అవ్వ వేరు కాపురంలో ఉండటం మొదలయ్యాక ఆ ఆసరా కూడా సన్నగిల్లింది.

1975 అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైంది. దాని అంగన్‌వాడీలు మూడేళ్లు దాటిన వారికి ఆటపాటల చదువు చెప్పాయి. అంతకంటే చిన్నవారికి ముఖ్యంగా అందినవి పోషకాహారం, టీకాలు. వారితో మాటా ఆటా ఇంటివారి వంతుగానే మిగిలాయి. తండా బిడ్డకు భాష మరో అడ్డు. గోర్‌బోలీ ఇండో-ఆర్య భాష, బడి భాష తెలుగు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన ప్రారంభించినప్పుడు వాటిలో గోర్‌బోలీ, అంటే బంజారా భాష కూడా ఉంది. వాచకాలను తెలుగు లిపిలో అచ్చువేశారు.

2024లో కేంద్ర ప్రభుత్వం ‘నవచేతన’ పేరిట పుట్టుక నుంచి మూడేళ్ల దాకా పిల్లలతో చేయవలసిన పనుల ప్రణాళిక విడుదల చేసింది. బిడ్డతో మాట్లాడటం, ఆడటం, స్పందించడం అందులోని ముఖ్యాంశాలు. ఒకప్పుడు నీళ్లు పోసే పీట దగ్గర సాగిన పని ఇలా అంగన్‌వాడీ కార్యకర్త బాధ్యతల్లో చేరింది.